చెక్కిన టాపా, ప్లైవుడ్ టాపా: జాజ్ కోసం సెకండ్‌హ్యాండ్ ఆర్చ్‌టాప్ కొనేవాళ్లకి

తమ్ముడూ, ముందు చెన్నై వెళ్లు. అక్కడున్న ఐబనెజ్ ఏఎఫ్75 గిటార్‌ని చేతిలోకి తీసుకుని చూడు. నెక్ (మెడ) బాగుంటే అదే తీసుకో, బెంగళూరు దాకా పోనక్కర్లేదు. ఎందుకలా అంటున్నానో వివరంగా రాస్తాను.

నువ్వడిగింది ఇదీ. ఆరేళ్లుగా సాలిడ్ బాడీ (లోపల బోలు లేని) ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నావు, ఇప్పుడు జాజ్ మీదికి మనసు మళ్లింది. ఉండేది తిరుపతి బైరాగిపట్టెడలో, అపార్ట్‌మెంట్. కీబోర్డ్ వాయించే స్నేహితుడు, డ్రమ్స్ వాయించే ఇంకొకతను, నువ్వు కలిసి ఆదివారాలు ప్రాక్టీస్ చేస్తారు. నీ బడ్జెట్‌లో రెండు సెకండ్‌హ్యాండ్ ఆర్చ్‌టాప్‌లు (టాప్, అంటే పైపలక, మధ్యలో ఉబ్బుగా ఉండే బోలు గిటార్లు) కనిపించాయి. చెన్నైలో ఐబనెజ్ ఏఎఫ్75, బెంగళూరులో ద లోర్ ఎల్‌హెచ్-600. ధర దాదాపు ఒకటే. "ఐబనెజ్‌ది ప్లైవుడ్ బాడీ అంటున్నారన్నా, లోర్‌ది అసలు చెక్క చెక్కి చేసింది. అదే డబ్బుకి అసలు చెక్క వస్తుంటే ప్లైవుడ్ ఎందుకు కొనాలి?" అన్నావు.

నీ అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతోంది. వీణ దగ్గర మనకి ఏకాండి అంటే గౌరవం. ఒకే పనస దుంగ తొలిచి చేశారంటే ఆ వీణ విలువే వేరు. ఆ లెక్కే గిటార్‌కీ వేసుకుంటున్నావు. కానీ ఆర్చ్‌టాప్ చరిత్రలో ఆ లెక్క సగం దూరమే నడిచింది.

ఆర్చ్‌టాప్‌ని వయొలిన్ పద్ధతి చూసి చేశారు. మందపాటి స్ప్రూస్ పలకని ఉలితో తొలిచి మధ్యలో ఉబ్బుగా తేలుస్తారు. గుండ్రటి రంధ్రం బదులు రెండు వైపులా ఎఫ్ ఆకారం రంధ్రాలు ఉంటాయి. తీగల్ని మోసే బ్రిడ్జ్‌ని అతికించరు, తీగల ఒత్తిడి మీదే అది నిలబడుతుంది. గిబ్సన్ కంపెనీలో లాయిడ్ లోర్ పనిచేసిన కాలంలో, 1922లో వచ్చిన ఎల్-5తో ఈ రూపం స్థిరపడింది. నువ్వు చూసిన లోర్ గిటార్‌కి ఆయన పేరే పెట్టుకున్నారు, దాని రూపం కూడా ఆ 1920ల గిటార్లదే. అప్పట్లో గిటార్‌కి ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) లేదు. ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, డ్రమ్స్ మధ్య వినబడాలంటే చెక్క తనంతట తాను గట్టిగా మోగాలి. ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో కౌంట్ బేసీ బ్యాండ్‌లో చేరి, 1987లో కన్నుమూసేదాకా అలాంటి ఆర్చ్‌టాప్ మీదే తాళం నడిపించాడు. బార్‌కి నాలుగు స్ట్రోకులు, సోలోలు దాదాపు లేనట్టే.

1936లో గిబ్సన్ ఈఎస్-150 వచ్చింది. తీగల కదలికని ఆంప్‌కి పంపే పికప్ ఉన్న ఆ గిటార్‌తో చార్లీ క్రిస్టియన్ శాక్సోఫోన్‌కి దీటుగా సోలోలు వాయించాడు. దాంతో పాటే కొత్త చిక్కు మొదలైంది. బాగా మోగే చెక్క నీ చేతికే కాదు, ఆంప్‌లోంచి వచ్చే శబ్దానికీ మోగుతుంది. ఆ మోత మళ్లీ పికప్‌లోకి వెళ్తుంది, మళ్లీ ఆంప్‌లోంచి వస్తుంది. అదే ఫీడ్‌బ్యాక్. 1949లో గిబ్సన్ ఈఎస్-175 తెచ్చినప్పుడు దాని బాడీని మేపుల్ పొరలు అతికించి చేశారు. ఖర్చు తగ్గింది, ఫీడ్‌బ్యాక్ కూడా తగ్గింది. పొరలు అతికించిన టాప్ బిగుసుగా ఉంటుంది కాబట్టి నోట్ మొదట 'టక్'మని పడి, చెక్క మోత తక్కువగా, లావుగా, గుండ్రంగా వినిపిస్తుంది. జో పాస్, జిమ్ హాల్, హెర్బ్ ఎలిస్, పాట్ మెథినీ అందరూ ఈ 175 వాయించినవాళ్లే. జాజ్ గిటార్ అనగానే నీ చెవిలో మోగే శబ్దంలో పెద్ద భాగం ప్లైవుడ్‌దే తమ్ముడూ. అది తక్కువ రకం చెక్కకి సర్దుకుపోవడం కాదు. ఆంప్‌లో వాయించడానికి కావాలని ఎంచుకున్న పద్ధతి.

జాజ్ గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీ సంగతి ఏమిటని అడగొచ్చు. నిజమే, ఆయన వాయించింది చెక్కిన టాప్ ఉన్న ఎల్-5 సీఈఎస్. కానీ దానికి కూడా పికప్‌లు టాప్‌లోనే బిగించి ఉంటాయి. నువ్వు చూసిన ఎల్‌హెచ్-600 అలాంటిది కాదు. అది పూర్తిగా అకూస్టిక్. టాప్ చెక్కిన స్ప్రూస్, వెనకా పక్కలా మేపుల్, పికప్ లేదు, కటవే (పై స్వరాలకి చెయ్యి అందేలా బాడీలో కోసే గంటు) లేదు. నీ డ్రమ్మర్ బ్రష్‌లు పక్కనపెట్టి కర్రలు పట్టుకున్న నిమిషం నుంచి నువ్వు వాయించేది నీకే వినబడదు. అప్పుడు పిక్‌గార్డ్‌కో, ఫింగర్‌బోర్డ్ చివరో తగిలించే ఫ్లోటింగ్ పికప్ కొనాలి. దానికి తీగల కింద చోటు చాలాలి, పల్చటిదే పడుతుంది. ఆ ఖర్చు పెట్టాక కూడా, చిన్న గదిలో ఆంప్‌కి మూడడుగుల దూరంలో కూర్చుంటే లో ఎ, లో జి నోట్ల దగ్గర గిటార్ ఊళపెడుతుంది. బాస్ తగ్గించి, ఎఫ్ హోల్స్‌లో స్పాంజ్ కుక్కి ఆ మోత ఆపుతారు. చెక్కిన టాప్‌కి డబ్బు పెట్టి, చివరికి దాని నోరు నొక్కేయడమే అవుతుంది అది.

టాప్ సంగతి ఇంతటితో వదిలేస్తాను, నెక్ దానికంటే పెద్ద విషయం. సెకండ్‌హ్యాండ్ ఆర్చ్‌టాప్ కొనేటప్పుడు నేను చెక్క, బ్రాండ్, రంగు అన్నీ పక్కనపెట్టి ముందు చూసేది నెక్ యాంగిల్. ఫ్రెట్లు (నెక్ మీది మెట్లు) అరిగితే లెవెల్ చేయించొచ్చు, మరీ అరిగితే కొత్తవి వేయించొచ్చు. పికప్ మార్చొచ్చు, తీగలు బిగించే కీలు మార్చొచ్చు. నెక్ బాడీలోకి దిగే కోణం తప్పితే మాత్రం నెక్ ఊడదీసి మళ్లీ అతికించాలి. ఈ ధర గిటార్‌కి ఆ పని చేయించడం దండగ. పైగా ఆర్చ్‌టాప్ మీద ఆ పని ధైర్యంగా చేసేవాళ్లు మన తిరుపతి, చిత్తూరు వైపు నాకు తెలిసి లేరు. చెన్నైలోనూ వెతుక్కోవాల్సిందే.

చూడడం ఎలాగో చెప్తాను. ముందు గిటార్‌ని సరిగ్గా ట్యూన్ చెయ్యి. బ్రిడ్జ్‌కి రెండు చివర్లా చిన్న పళ్ల చక్రాలుంటాయి, బ్రిడ్జ్ పైభాగాన్ని ఎత్తేవీ దించేవీ అవే. ఆ చక్రాల కింద మర ఎంత కనిపిస్తోందో చూడు. చక్రాలు పూర్తిగా కిందికి దిగి, ఆధారం చెక్కకి ఆనుకుని ఉండి, అయినా 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తుగా ఉందంటే ఇక దించడానికి దారి లేదు. ఆ గిటార్ అక్కడే వదిలెయ్. దానికి విరుద్ధంగా బ్రిడ్జ్ ఆకాశానికి ఎత్తి, మర అంతా బయటపడి ఉంటే నెక్ మరీ వెనక్కి వాలిందని గానీ, టాప్ కుంగిందని గానీ అర్థం. టాప్ నుంచి తీగ దాకా ఒక అంగుళం అటూఇటూ ఉండి, చక్రాలు మధ్యలో ఉండి, పైకీ కిందికీ చోటు మిగిలి ఉంటే సుఖం.

జేబులో చిన్న స్టీల్ స్కేల్ పెట్టుకెళ్లు. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 1.6 దాకా ఉంటే జాజ్‌కి హాయిగా ఉంటుంది. అంతకంటే ఎక్కువ ఉంటే చక్రాలు తిప్పి దించి చూడు, అమ్మేవాళ్లు వద్దనరు. తరవాత లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, బాడీ మొదలయ్యే ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి, మధ్యలో ఏడో ఫ్రెట్ మీద సందు చూడు. పల్చటి విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. మరీ ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) బిగించాలి. బిగించమని అమ్మేవాళ్లనే అడుగు. రాడ్ నట్ తిరిగి, నెక్ కదిలితే సరే. రాడ్ పట్టు తప్పి ఊరికే తిరుగుతుంటే దండం పెట్టి వచ్చెయ్.

అప్పుడు వాయించు. పాట వాయించొద్దు. ఒక్కో తీగ మీద ఒక్కో ఫ్రెట్, 15 దాకా, నెమ్మదిగా. ఎక్కడైనా నోట్ చచ్చిపోతోందా, జుమ్మంటోందా విను. జుమ్మంటే వెంటనే ఫ్రెట్‌ని అనుమానించకు. ఆర్చ్‌టాప్‌లో వదులయ్యే సామాను చాలా ఉంటుంది. పిక్‌గార్డ్ స్క్రూ, తీగల చివర్లు తగిలించే టెయిల్‌పీస్ మడత, కీల చుట్టూ ఉండే రింగులు, బ్రిడ్జ్ చక్రాలు. ఇంకొకరిని అదే నోట్ వాయిస్తూ ఉండమని, నువ్వు ఒక్కో భాగాన్నీ వేలితో నొక్కిపెట్టు. ఏది నొక్కితే ఆ చప్పుడు ఆగుతుందో దొంగ అదే. ఏది నొక్కినా ఆగకపోతే, టాప్ మీద బ్రిడ్జ్‌కి అటూఇటూ వేలి కణుపుతో మెల్లగా తట్టు. లోపల టాప్ కింద పొడుగ్గా అతికించిన బద్దెలుంటాయి. అవి ఊడి ఉంటే తట్టిన చోట పగిలిన కుండలా మోగుతుంది. ఫోన్ టార్చ్ ఎఫ్ హోల్‌లోంచి వేసి, చిన్న అద్దంతో లోపల చూస్తే కూడా తెలుస్తుంది.

ఐబనెజ్‌లో ఇంకో విషయం. నాలుగు నాబ్‌లు, ఒక స్విచ్, జాక్, వాటి వైరింగ్ అంతా బాడీ లోపల వేలాడుతుంది. సాలిడ్ బాడీకిలా వెనక మూత ఉండదు. నాబ్ కింది పాట్ ఒక్కటి మార్చాలన్నా అన్నీ దారం కట్టి ఎఫ్ హోల్‌లోంచి బయటికి లాగి, మళ్లీ అదే దారంతో లోపలికి పంపి, రంధ్రాల్లోకి తెచ్చుకోవాలి. మొబైల్ రిపేర్ చేసే ఓపికమంతుడు కూడా విసుక్కునే పని. అందుకే ఆంప్‌కి తగిలించి ప్రతి నాబ్‌నీ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పు. కాస్త గరగరలాడితే స్ప్రే కొడితే పోవచ్చు. శబ్దం మధ్యలో తెగిపోతే ధర తగ్గించమను. జాక్ నట్ వదులుగా ఉందా చూడు. వదులైన జాక్ ఒకరోజు లోపలికి పడిపోతుంది. చెన్నైలో సముద్రం గాలి కాబట్టి పికప్ స్క్రూల మీద, బ్రిడ్జ్ మీద, కీల మీద తుప్పు చూడడం మర్చిపోకు. పైపై మరకలైతే ఫరవాలేదు, స్క్రూలు తిరగకుండా పట్టేసి ఉంటేనే ఇబ్బంది.

చేతి విషయానికొస్తే, స్కేల్ లెంగ్త్ (తీగ మోగే పొడవు) రెండింటికీ ఇంచుమించు ఒకటే. ఐబనెజ్ 24.7 అంగుళాలు, లోర్ 24.75. ఆ తేడా నీ వేళ్లకి తెలియదు. తెలిసేది నెక్ ఆకారం. లోర్ నెక్ వెనక వైపు 'వి' అక్షరంలా కోసుగా ఉంటుంది, నట్ (కీల వైపు తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు కూడా కాస్త ఎక్కువ. బొటనవేలు నెక్ మీదికి తెచ్చి పట్టుకునేవాళ్లకి అది భలే కుదురుతుంది. వేలు వెనక మధ్యలో ఆనించి వాయించడం అలవాటైన నీలాంటివాడికి గంట వాయించేసరికి అరచెయ్యి లాగుతుంది. కటవే లేకపోవడం కూడా ఆలోచించు. కార్డ్-మెలొడీ (కార్డ్‌లూ పాట వరసా కలిపి) వాయించేటప్పుడు మొదటి తీగ మీద 15, 16 ఫ్రెట్లకి వెళ్లాల్సిన సందర్భాలు తరచూ వస్తాయి.

ఇక మన ఎండ. రోహిణి కార్తెలో తిరుపతి సంగతి నీకు కొత్తగా చెప్పాలా! 40 డిగ్రీలు దాటిన ఎండలో బయట గాలి పొడి, రాత్రి ఏసీ వేస్తే గదిలో ఇంకా పొడి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలొస్తే గోడలే చెమ్మగిల్లుతాయి. అసలు చెక్క ఈ రెండింటికీ కదులుతుంది. చెమ్మకి టాప్ ఉబ్బి తీగలు ఎత్తవుతాయి, ఎండకి కుంచించుకుని తీగలు ఫ్రెట్లకి తగులుతాయి, మరీ ఎండితే ఎఫ్ హోల్ కొసల దగ్గర చీలుతుంది. ప్లై కూడా కదులుతుంది గానీ చాలా తక్కువ, ఎందుకంటే పొరల నారలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. లోర్ కొనేట్టయితే పదిరోజులకోసారి బ్రిడ్జ్ చక్రం చూసుకునే ఓపిక, కేసులో చిన్న తేమ మీటరు, తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచే అలవాటు ఉండాలి. ఎండాకాలం కేసులో తడి స్పాంజ్ డబ్బా, వానాకాలం సిలికా జెల్. ఏది కొన్నా పడమటి గోడకి మాత్రం తగిలించొద్దు, సాయంత్రానికి ఆ గోడ పెనంలా కాలుతుంది. బెంగళూరు నుంచి తెచ్చేట్టయితే హార్డ్ కేస్ లేకుండా కదలొద్దు. పలమనేరు చల్లదనం నుంచి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు ఎండలోకి వచ్చేసరికే గాలి మారిపోతుంది. బస్సు కింద లగేజీలో వెయ్యకుండా నీ దగ్గరే పెట్టుకో, ఇంటికొచ్చాక కేస్ మూత తియ్యకుండా రాత్రంతా అలాగే ఉంచు.

తీగల గురించి ఒక్కమాట. ఏది కొన్నా మీద ఉన్న తీగలు తీసేసి 12 గేజ్ ఫ్లాట్‌వౌండ్ (చుట్టు నున్నగా ఉండే) తీగలు వెయ్యి. డాడారియో క్రోమ్స్‌లో 12 నుంచి 52 సెట్ చాలు, డబ్బు మిగిలితే థోమాస్టిక్ జాజ్ స్వింగ్. కంచు రంగు అకూస్టిక్ తీగలు వద్దు, మాగ్నెటిక్ పికప్‌కి అవి సరిగ్గా అందవు. ఈ సెట్లలో మూడో తీగకి కూడా చుట్టు ఉంటుంది, కాబట్టి నువ్వు ఇన్నాళ్లూ సినిమా పాటల్లో తీగ పక్కకి లాగి వాయించిన బెండ్‌లు ఇక్కడ పలకవు. మొదటి వారం చిరాకేస్తుంది. బెండ్ బదులు జారుడుతో ఆ స్వరాన్ని అందుకోవడం మొదలుపెడితే నీ ఫ్రేజింగ్ మారుతుంది, అది చాలా మంచి మార్పు. మార్చేటప్పుడు తీగలన్నీ ఒకేసారి తియ్యకు, బ్రిడ్జ్ ఊడి చేతిలోకి వస్తుంది. దాని చోటు రెండు వైపులా పేపర్ టేప్‌తో గుర్తు పెట్టుకుని ఒక్కోటే మార్చు. మార్చాక 12వ ఫ్రెట్ హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన నోట్ ట్యూనర్‌లో ఒకటేనా చూసుకో. నొక్కిన నోట్ ఎక్కువ చూపిస్తే బ్రిడ్జ్ టెయిల్‌పీస్ వైపు కొంచెం జరపాలి. ఐబనెజ్ బ్రిడ్జ్ మీద తీగకో స్క్రూ ఉంది కాబట్టి సన్నటి సర్దుబాటు దాంతోనే అయిపోతుంది.

ఆంప్ దగ్గర మెడ వైపు పికప్ ఒక్కటే పెట్టుకుని, టోన్ నాబ్ సగానికి దించి, రివర్బ్ దాదాపు తీసేసి మొదలుపెట్టు. ఆంప్‌కి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి కూర్చో.

లోర్ తీసుకోమని నేను చెప్పే సందర్భం కూడా ఒకటుంది. నువ్వు డ్రమ్స్ లేకుండా, ఒక గాయకుడితోనో, వయొలిన్ వాయించేవాళ్లతోనో ఇద్దరే కూర్చుని ఆంప్ లేకుండా వాయించే మనిషివైతే దానికి మించింది ఈ ధరలో దొరకదు. మన ఊళ్లో ఎస్వీ సంగీత కళాశాల పుణ్యమా అని మంచి వయొలిన్ చేతులు చాలా ఉన్నాయి. వాళ్లలో ఒకరితో కలిసి, మూడు స్వరాల చిన్న కార్డ్‌లు పట్టి నాలుగు స్ట్రోకుల తాళం వేస్తుంటే చెక్కిన టాప్ ఏమిటో అప్పుడు తెలుస్తుంది. ఆ శబ్దం ప్లైవుడ్ ఇవ్వలేదు, అది మాత్రం ఒప్పుకోవాల్సిందే. కానీ నువ్వు రాసిన ఆదివారం ప్రాక్టీస్ అది కాదు. డ్రమ్స్ ఉన్నాయి, కీబోర్డ్ ఉంది, గోడ అవతల పక్కింటివాళ్లున్నారు.

ఒకవేళ చెన్నై గిటార్ నెక్ దగ్గరే తేలిపోతే, లోర్ కోసం పరుగెత్తకు. ఏఎఫ్75 చాలా అమ్ముడుపోయిన మోడల్, ఇంకొకటి దొరుకుతుంది. గోడిన్ ఫిఫ్త్ అవెన్యూ కింగ్‌పిన్ ఎక్కడైనా కనిపిస్తే అది కూడా చూడు. కెనడాలో చేసింది, చెర్రీ చెక్క ప్లై, ఒకే పీ-90 పికప్, బరువు తక్కువ.

టికెట్ తీసుకోకముందే అమ్మేవాళ్లని మూడు ఫొటోలు అడుగు. ఒకటి బ్రిడ్జ్‌ని పక్క నుంచి దగ్గరగా, చక్రాలూ మరా కనిపించేలా. రెండోది 12వ ఫ్రెట్ దగ్గర తీగ కింద స్కేల్ పెట్టి. మూడోది బాడీకి నెక్ కలిసే చోట, అతుకు దగ్గర వెలుతురు పడేలా. ఆ అతుకులో వెంట్రుకంత గీత కనిపించినా వెళ్లొద్దు. ఈ మూడూ పంపడానికి నసిగేవాళ్ల దగ్గరికి కూడా వెళ్లొద్దు. ఫొటోలు వచ్చాక నాకు పంపు, చూసి చెప్తాను.